పుచ్చు పళ్ళకు వంశం సాకు కారాదు

"మా వంశంల పండ్లే అంత సారూ. మా నాయినకు నలభై ఏండ్లకే సగం ఊడినయి. నావీ పోయినయి. ఇగ పిల్లగానియి మిగుల్తయా?"

నల్లగొండ జిల్లాలో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా, ఏ ఆస్పత్రి వరండాలో నిలబడ్డా ఈ మాట వినబడుతుంది. ఇందులో కొంత నిజం ఉన్నది. ఆ కొంత నిజమే మన పిల్లల పళ్ళకు ఎక్కువ చేటు చేస్తున్నది.

హైదరాబాదులోని అశోక్‌నగర్ పేరు ఇవాళ మన జిల్లాలో తెలియని ఇల్లు అరుదు. గ్రూప్ పరీక్షలకు, సివిల్స్‌కు చదివే పిల్లలు అక్కడి కోచింగ్ సెంటర్లలో చేరుతారు. చిక్కడపల్లిలోనో, నారాయణగూడలోనో గది తీసుకుంటారు. మిగిలిన పొద్దంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్, నారాయణగూడ దాటి మూడో స్టేషన్ చిక్కడపల్లి. 2020 ఫిబ్రవరిలో ఈ లైను నడవడం మొదలైన తరువాత బియ్యం మూట, పచ్చడి సీసా మోసుకెళ్ళే తల్లిదండ్రులకు దారి సులువైంది.

ఆ గదుల్లో ఒకదాన్ని తీసుకోండి. అందులో ఇద్దరు కుర్రాళ్ళు. ఇద్దరిదీ ఒకే మెస్సు భోజనం. ఒకే బడ్డీ దగ్గర రోజుకు ఐదు చాయలు, మధ్యలో బిస్కట్లు. ఇద్దరూ పళ్ళు తోముకునేది పొద్దున ఒక్కసారే. ఏడాది తిరిగేసరికి ఒకడికి దవడ పన్ను పుచ్చి చెంప వాస్తుంది. పరీక్ష రేపనగా రాత్రంతా నిద్ర ఉండదు. రెండోవాడికి ఏమీ కాదు. మొదటివాడు ఇంటికి ఫోన్ చేస్తే, "మన వంశమే అంత బిడ్డా" అంటాడు తండ్రి. పక్కనున్న మిత్రుడేమో, "నీకు పళ్ళు తోముకోవడమే రాదు" అంటాడు. ఇద్దరి మాటా సగమే ఒప్పు.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పన్ను పుచ్చితే "పురుగు పట్టింది" అనడం మనకు అలవాటు. వాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగు తీస్తామని ఊళ్ళమ్మట తిరిగేవారు కూడా ఉండేవారు. నిజానికి పంటిలో అలాంటి పురుగు ఉండదు. ఉండేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. మనం తిన్న చక్కెర, బెల్లం, బిస్కట్టు పళ్ళ సందుల్లో చిక్కుకుంటే అవి దాన్ని తిని ఆమ్లం పుట్టిస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. ఈ పైపొరనే ఎనామెల్ అంటారు.

ఒంట్లో ఎనామెల్‌కు మించిన గట్టి పదార్థం లేదు. అయితే దానికొక లోపం ఉన్నది. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేనాటికి నశించిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్ గుంట పడితే అది మళ్ళీ పుట్టదు.

దీనికి విరుగుడుగా నోటిలో ఉమ్మి ఉన్నది. అది ఆమ్లాన్ని కడిగివేస్తుంది, విరిచివేస్తుంది, అరిగిన చోట కాల్షియం వంటి ఖనిజాలను తిరిగి పెడుతుంది. తీపి తిన్న తరువాత నోరు మామూలు స్థితికి రావడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నామన్నదే కాక, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. పండుగనాడు భోజనంతో పాటు నాలుగు బూరెలు తిన్నవాడి కంటే, రోజంతా గంటకొక చాయ, బిస్కట్టు తీసుకునేవాడి పళ్ళకు ఎక్కువ ముప్పు.

వంశం చేసేది ఎంత?

రైతుకు ఈ సంగతి చెప్పడం కష్టం కాదు. ఒకే ఊరి పొలాల్లో, ఒకే కాలువ నీటి కింద, ఒక వరి రకం దోమపోటుకు నేల కూలుతుంది, మరొక రకం తట్టుకుంటుంది. తేడా విత్తనంలో ఉన్నది. మనుషుల్లోనూ తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చే జన్యువులు అలాంటివే. వాటిలో మనిషికీ మనిషికీ చిన్నచిన్న తేడాలుంటాయి.

ఆ తేడాలు పళ్ళ మీద నాలుగైదు దారుల్లో పనిచేస్తాయి. మొదటిది ఎనామెల్. దాన్ని కట్టడానికి అమెలోజెనిన్, ఎనామెలిన్ అనే మాంసకృత్తులు కావాలి. వాటి జన్యువుల్లో తేడా ఉంటే పైపొర కొందరికి గట్టిగా, కొందరికి కాస్త మెత్తగా తయారవుతుంది. వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే పదార్థం ఎనామెల్‌లోనూ ఉన్నదని, ఒక రకం కెరాటిన్ జన్యువులో తేడా ఉన్నవారికి పళ్ళు ఎక్కువగా పుచ్చుతున్నాయని 2014లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జుట్టుకు, పంటికి చుట్టరికం ఉన్నదని ఎవరూ ఊహించి ఉండరు.

రెండవది ఉమ్మి. అది ఎంత ఊరుతుంది, ఆమ్లాన్ని ఎంత త్వరగా విరుస్తుంది అన్నది అందరిలో ఒకేలా ఉండదు. మూడవది దవడ పళ్ళ ఆకారం. కొందరి దవడ పళ్ళ మీద గాళ్ళు లోతుగా, ఇరుకుగా ఉండి మెతుకు ఇరుక్కుంటే బ్రష్షు కూడా అందదు. నాలుగవది నాలుక రుచి. చేదును గుర్తించే ఒక జన్యువులో తేడా వల్ల కొందరికి చేదు గట్టిగా తగులుతుంది, కొందరికి తగలదు. ఈ జన్యువు తేడాను బట్టి పిల్లల పాలపళ్ళు పుచ్చడంలోనూ తేడా ఉన్నదని 2010లో అమెరికాలో జరిగిన పరిశోధన చెప్పింది. తీపి మీద యావ కూడా కొంతవరకు పుట్టుకతో వచ్చేదేనన్న మాట.

2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన, బ్రిటన్‌లో సేకరించిన లక్షలాది మంది వివరాలను కూడా కలుపుకుని, పళ్ళు పుచ్చడంతో సంబంధం ఉన్న 47 జన్యు స్థానాలను గుర్తించింది. అందులో ఏ ఒక్కటీ ఒంటరిగా పన్నును పుచ్చబెట్టదు. ఒక్కొక్కటి చేసేది రవ్వంత. అందుకే రక్తం చూసి "నీ బిడ్డ పళ్ళు పుచ్చుతాయి" అని కచ్చితంగా చెప్పగల పరీక్ష నేటికీ వైద్యుల చేతిలో లేదు.

కవలలు చెప్పిన సాక్ష్యం

విత్తనం పాలెంత, పొలం పాలెంత అని తేల్చడానికి శాస్త్రజ్ఞులు కవల పిల్లలను చూస్తారు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు ఒకటే. 1988లో అమెరికాలోని మిన్నెసోటాలో, పసితనంలోనే విడిపోయి వేరువేరు ఇళ్ళలో పెరిగిన కవలల పళ్ళు పరీక్షించారు. ఇళ్ళు వేరైనా ఒకే పిండపు కవలల పుచ్చు పళ్ళ లెక్క చాలా దగ్గరగా ఉన్నది. వంశం మాట వట్టిది కాదని దీనివల్ల రుజువైంది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2017లో 5 నుంచి 11 ఏళ్ళ లోపు 485 కవల జంటల నోటిలోని సూక్ష్మజీవులను పరిశీలించారు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల ప్రభావం ఏ సూక్ష్మజీవుల మీద ఉన్నదో, అవి పళ్ళను పుచ్చబెట్టేవి కావు. తీపి ఎక్కువ తినే పిల్లల్లో, వయసు పెరిగే కొద్దీ, ఆ వంశపు సూక్ష్మజీవులు తగ్గిపోయాయి. 2019లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో 173 కవల జంటలను తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఆరేళ్ళ వయసు వరకు గమనించారు. ఆ పిల్లల పళ్ళు పుచ్చడంలో జన్యువుల కంటే పెంపకం, తిండి, నీరు వంటివే ఎక్కువ పని చేశాయని తేలింది.

ఇంకొక విచిత్రం చూడండి. అరుదుగా కొందరు పిల్లలకు పుట్టుకతోనే పండ్లలోని చక్కెర జీర్ణం కాని జబ్బు ఉంటుంది. తీపి తింటే వాంతులు, నీరసం, కాలేయానికి ముప్పు. భయపడి వారు జన్మంతా తీపి ముట్టరు. అలాంటివారి నోట్లో పుచ్చు పన్ను కనబడడం బహు అరుదు. వారి పళ్ళను కాపాడినది గట్టి ఎనామెల్ అని చెప్పడానికి లేదు. తీపి లేకపోవడమే వారిని కాపాడింది. జన్యువు ఎలాంటిదైనా, చక్కెర లేనిదే పుచ్చు లేదు. ఈ ఒక్క ముక్క మన ఊళ్ళలో ప్రతి ఇంటికీ చేరాలి.

తాత పళ్ళు, మనవడి పళ్ళు

"మా వంశమే అంత" అనేవారిని ఒకటి అడగాలి. మీ తాత జొన్నరొట్టె, పచ్చి మిరపకాయ తిని, వేపపుల్ల నమిలి, ముసలితనంలో కూడా కాల్చిన మక్కకంకి కొరికాడు గదా? మనవడికి ఇరవై ఏళ్ళు నిండకుండానే రెండు దవడ పళ్ళు ఎలా పోయాయి? రెండు తరాల్లో జన్యువులు మారవు. మారినవి తిండి, అలవాటు.

ఒక ఇంటివారికి జన్యువులు మాత్రమే ఉమ్మడి కాదు. చక్కెర డబ్బా ఉమ్మడి. పొద్దున లేవగానే పాలు, చక్కెర వేసిన చాయలో బిస్కట్టు ముంచి పసిబిడ్డ నోట్లో పెట్టే అలవాటు ఉమ్మడి. ఏడుపు మానడానికి రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టే పద్ధతి ఉమ్మడి. పుచ్చు పళ్ళున్న తల్లి తన నోట్లో పెట్టుకున్న చెంచాతోనే బిడ్డకు తినిపిస్తే సూక్ష్మజీవులు కూడా బిడ్డకు వారసత్వంగా వస్తాయి. బొగ్గు, ఇటుకపొడి పెట్టి తోమి ఎనామెల్ అరగదీసుకోవడం కూడా తండ్రిని చూసి కొడుకు నేర్చినదే. ఇవన్నీ కలిపి మనం "వంశం" అంటున్నాం. వీటిలో మార్చుకోలేనిది ఒక్క జన్యువే. తక్కినవన్నీ మన చేతిలో ఉన్నవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం, పెద్దవారు రోజుకు తీసుకునే చక్కెర 50 గ్రాములు దాటరాదు, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలు. చాయకు రెండు చెంచాల చొప్పున ఐదు చాయలు తాగితేనే సుమారు 40 గ్రాములు. బిస్కట్లు, శీతల పానీయాలు దీనికి అదనం. మన దేశంలో 2002-03లో జరిగిన జాతీయ దంత ఆరోగ్య సర్వేలో 12 ఏళ్ళ పిల్లల్లో సగానికి పైగా పుచ్చు పళ్ళు కనబడ్డాయి. ఈ సగం మందిదీ పాడు వంశమేనా?

నింద కూడా తప్పే

వంశం సాకు ఎంత తప్పో, నింద కూడా అంతే తప్పు. రెండు పూటలా తోముకుని, తీపి తగ్గించుకున్నా కొందరి పళ్ళు పుచ్చుతాయి. వారికి పుట్టుకతో వచ్చిన రక్షణ తక్కువ. అలాంటివారిని సోమరులని ఎగతాళి చేయడం అన్యాయం. వారికి కావలసింది తక్కినవారి కంటే ఎక్కువ జాగ్రత్త, ముందుగా వైద్యం.

మన జిల్లాలో ఇది మరీ బాధాకరమైన విషయం. పళ్ళ మీద గోధుమ రంగు గారలు ఉన్నాయని ఆడపిల్లల సంబంధాలు తప్పిపోయిన ఇళ్ళు మన దగ్గర ఎన్నో. "వాళ్ళ వంశంలోనే ఉన్నది" అని పెళ్ళివారు చాటున అనుకుంటారు. ఆ గార వంశానిది కాదు. పసితనంలో పళ్ళు లోపల తయారవుతుండగా తాగిన ఫ్లోరైడ్ నీటి గుర్తు అది. అత్తవారింటికి వెళ్ళిన తరువాత ఆమె బిడ్డలు మంచినీళ్ళు తాగితే ఆ గార వారికి రాదు. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లల బతుకులకు మచ్చ పడిందో లెక్క లేదు.

ఇక్కడ కూడా జన్యువుకు కొంత చోటున్నది. ఒకే ఫ్లోరైడ్ నీరు తాగించినా ఒక జాతి ఎలుకల పళ్ళు బాగా చెడిపోయి, మరొక జాతివి దాదాపు నిలబడడం శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూశారు. ఒకే బావి నీళ్ళు తాగిన అన్నదమ్ముల్లో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ గార రావడానికి ఇదొక కారణం కావచ్చు. అంతమాత్రాన తప్పు బిడ్డది కాదు. తప్పు నీటిది.

నిజంగా వంశపారంపర్యంగా వచ్చే పంటి జబ్బు ఒకటి ఉన్నది. అందులో ఎనామెల్ పుట్టుకతోనే సరిగా తయారుకాదు. పళ్ళు పసుపుగా, గరుకుగా వచ్చి త్వరగా అరిగిపోతాయి. ఇది అరుదు. దీనిలో కొన్ని రకాలు తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకే లోపపు జన్యువు వచ్చినప్పుడే బయటపడతాయి. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. బావామరదళ్ళ జన్యువుల్లో ఎనిమిదోవంతు, మేనమామ, మేనకోడళ్ళ జన్యువుల్లో నాలుగోవంతు ఒకటిగా ఉంటాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అలాంటి పళ్ళుంటే, మళ్ళీ అదే ఇంట్లో మేనరికం కలుపుకునే ముందు డాక్టరును అడగడం మంచిది.

ఏం చేయాలి?

మొదటిది, ఆరేళ్ళ పన్ను. బిడ్డకు సుమారు ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వరుస వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. చాలామంది దాన్ని పాలపన్ను అనుకుని, పుచ్చినా "ఊడి మళ్ళీ వస్తుంది" అని వదిలేస్తారు. అది మళ్ళీ రాదు. జీవితమంతా నమలవలసిన పన్ను అదే. లోతు గాళ్ళున్న వంశంలో మొదట పుచ్చేదీ తరచుగా అదే. ఆ గాళ్ళను పూతతో మూసే సులువైన వైద్యం ఉన్నది, సీలెంట్ అంటారు. నొప్పి ఉండదు.

రెండవది, రాత్రి పడుకోబోయే ముందు తోముకోవడం. పొద్దున ఒకసారి చాలదు. ఫ్లోరైడ్ కలిసిన పేస్టు ఎనామెల్‌కు బలమిస్తుంది. అయితే మన జిల్లాలో జాగ్రత్త ఉండాలి. మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేళ్ళ లోపు వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగనివ్వకుండా ఉమ్మించాలి.

మూడవది, నీరు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఊళ్ళకు నదీజలాలు వచ్చాయి. ఇంకా పాత బోరు నీళ్ళే "రుచిగా ఉన్నాయి" అని తాగేవారు ఆ నీటిని పరీక్ష చేయించుకోవాలి. తాగునీటి నమూనాలు పరీక్షించే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ మన పిల్లలుండే నారాయణగూడలోనే ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీరు బిడ్డలకు తాగించరాదు.

నాలుగవది, మన హక్కుగా వచ్చే పరీక్ష. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లలకు చూడవలసిన 30 రకాల లోపాలు, జబ్బుల్లో పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. వైద్య బృందం ఏడాదికి ఒకసారి బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. వచ్చినప్పుడు బరువు తూచి, కళ్ళు చూసి సరిపెట్టకుండా పిల్లవాడి నోరు కూడా తెరిపించి చూశారా అని సర్పంచులు, తల్లిదండ్రులు అడగాలి. "మీ ఇంట్లో ఎవరికి పళ్ళు త్వరగా పోయాయి" అన్న ప్రశ్న కూడా ఆ కార్డులో రాసుకుంటే, ముప్పు ఎక్కువున్న పిల్లలెవరో ఖర్చు లేకుండా తెలుస్తుంది. లక్షలు పోసే జన్యు పరీక్ష కంటే తల్లిని అడిగే ఈ ఒక్క ప్రశ్న మన ఊళ్ళకు ఎక్కువ ఉపయోగం.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పళ్ళ డాక్టరు ఉండడం అరుదు. 2014లో జాతీయ దంత ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించినా, పన్ను నొప్పి వస్తే పేదవాడు నొప్పి బిళ్ళ మింగి ఊరుకుంటున్నాడు, లేదా పన్ను పీకించుకుంటున్నాడు. వారానికి ఒక రోజైనా ప్రతి మండల కేంద్రంలో దంత వైద్యుడు కూర్చునే ఏర్పాటు చేయాలి. అంతవరకు, పెద్ద వైద్యం కావలసినవారికి 1959లో ఏర్పడిన ప్రభుత్వ దంత కళాశాల ఆస్పత్రి అఫ్జల్‌గంజ్‌లో ఉన్నది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు అది దగ్గరే.

అశోక్‌నగర్ గదికి బియ్యం మూట మోసే తల్లిదండ్రులు, ఈసారి ఆ సంచిలో బిస్కట్ పొట్లాలకు బదులు వేయించిన పల్లీలు, ఒక కొత్త బ్రష్షు పెట్టండి. చాయలు రెండుకు తగ్గించమనండి. ఒక్కసారి పళ్ళ డాక్టరుకు నోరు చూపించుకోమనండి. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు నింపితే వందల్లో పోయేది, ముదిరితే వేలల్లో పోతుంది, దానితోపాటు పరీక్ష కూడా పోతుంది.

తెగులు తట్టుకోలేని విత్తనం వేశామని తెలిస్తే రైతు పొలం వదిలేసి ఇంట్లో పడుకోడు. రోజుకు రెండుసార్లు గట్టు మీదికి వెళ్ళి చూసుకుంటాడు. మన వంశంలో పళ్ళు బలహీనమని తెలిసినప్పుడు కూడా చేయవలసింది అదే.